చెక్క తీసిన చెయ్యి

"మా ఆయన చెక్క తీశాడని అన్న మనిషెవరో నా ఎదురుగా వచ్చి అనమనండి!"

గేటు దగ్గర మొదలైన గొంతు లారీల మధ్యగా నడిచి ఇంటి మెట్ల దాకా వచ్చేసింది. సైలెన్సర్ భార్య. మొగుడు రోజంతా కలిపి పట్టుమని పది మాటలు మాట్లాడడు కాబట్టి డ్రైవర్లంతా కలిసి అతనికి ఆ పేరు పెట్టారు. అతను వాడుకోకుండా వదిలేసిన మాటలన్నీ భార్యకు దక్కాయని వాళ్ళే నవ్వుకునేవాళ్ళు. ఇవాళ ఒక్కరూ నవ్వలేదు. టైర్ల దగ్గర కూర్చున్న మెకానిక్ తల వంచుకుని, బిగించిన నట్టునే మళ్ళీ బిగిస్తున్నాడు.

ముందుగదిలో పెద్దాయన పేపరు పేజీ తిప్పాడు. చెవులు మాత్రం బయటే ఉన్నాయి.

పెద్దకోడలు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చేసరికి మరిది గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"నువ్వెళ్ళకు వదినా. నేను మాట్లాడి పంపించేస్తా."

"నువ్వు మాట్లాడితే ఆమె వెళ్ళదు, ఇంకో నలుగుర్ని వెంటేసుకొస్తుంది. తప్పుకో."

తప్పుకున్నాడు. కానీ అంత తేలిగ్గా తప్పుకునే మనిషి కాదు. అది ఆమెకు నచ్చలేదు.

మెట్లు దిగి వస్తున్న ఆమెను చూడగానే సైలెన్సర్ భార్య కేకలు ఆపి ఏడవడం మొదలుపెట్టింది. కేకలైతే తట్టుకోవచ్చు. ఈ ఏడుపుకి ఏం చెయ్యాలో పెద్దకోడలికి తోచలేదు.

"వదినా, మీరు చెప్పండి. మీరు పెట్టిన చెక్క ముట్టుకునే ధైర్యం మా ఆయనకుందా? ఇన్నాళ్ళలో ఒక్కసారైనా ముట్టుకున్నాడా?"

"లేదు" అంది పెద్దకోడలు.

ఆ యార్డులో ఆ ఎర్ర చెక్క సంగతి తెలియని వాళ్ళు లేరు. పాడైన బండి ఏదైనా ఉంటే దాని వెనక చక్రం కింద పెద్దకోడలు ఎర్ర రంగు పూసిన చెక్క పెడుతుంది. రిపేరు అయి, తను స్వయంగా చూసుకున్నాక, తన చేత్తోనే తీస్తుంది. తీసిన చెక్కను దాని తాడుతో ఆఫీసు గది పక్క గోడకున్న మేకుకి తగిలిస్తుంది. ఈలోగా లోడు ఎంత అర్జెంటైనా, ఫోన్లు ఎన్ని మోగినా ఆ బండి కదలడానికి వీల్లేదు. వదిన చెక్క పెట్టిందంటే ఆ బండికి సెలవే అనుకుంటూ డ్రైవర్లు లుంగీ మడిచి పడుకునేవాళ్ళు.

పోయినవారం సైలెన్సర్ నడిపే టిప్పర్‌కి అలాగే పెట్టింది. బ్రేకులో గాలి నిలవడం లేదు. మర్నాడు పొద్దున ఆమె పాపని స్కూల్లో దింపి వచ్చేసరికి చక్రం కింద చెక్క లేదు, బండీ లేదు. మధ్యాహ్నానికి ఫోను వచ్చింది. క్వారీ నుంచి కంకర లోడుతో దిగుతున్న టిప్పర్ వాలులో ఆగలేదు. కింద లోడు తూచే కాటా గది గోడను గుద్దుకుని నిలబడింది. సైలెన్సర్ కాలు విరిగింది. గోడ కింద పడ్డ కాటా గుమాస్తా ఇప్పటికీ కళ్ళు తెరవలేదు.

"ఇన్‌స్పెక్టరు ఆసుపత్రికొచ్చి మంచం పక్కన కూర్చుని అడిగాడు వదినా" అంది సైలెన్సర్ భార్య, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "నేను తీయలేదు అన్నాడు. మరెవరు తీశారయ్యా అంటే నోరు విప్పడు. నేనూ అడిగాను. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ మౌనం చూసేగా అందరికీ అలుసు! నిన్న మీ మరిది వచ్చి ఆయనతో ఏమన్నాడో తెలుసా? నేనే తీశానని చెప్పెయ్, మీ ఇల్లు మేం చూసుకుంటాం అన్నాడు."

పెద్దకోడలు వెనక్కి తిరిగింది. మరిది మెట్ల మీద నిలబడి ఫోన్లోకి చూస్తున్నాడు. ఫోను చీకటిగా ఉంది.

"ఎవరు పంపారు నిన్ను?"

"వదినా, ఇక్కడెందుకు, లోపల..."

"ఎవరు పంపారు?"

మరిది లోపలికి చూశాడు. పేపరు పేజీ మళ్ళీ తిరిగింది.

*

"కూర్చో" అన్నాడు పెద్దాయన.

ఆమె కూర్చోలేదు.

"మావయ్యా, సైలెన్సర్ తీయలేదు."

"నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు. నేను చెక్క పెడితే అతను ఆ బండి నీడలో కూడా కూర్చోడు. మీకూ తెలుసు."

"నాకు తెలిసిందొక్కటే." పెద్దాయన పేపరు మడత పెట్టాడు. ఆయనకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఇప్పుడు బాగా తగ్గింది. "చెక్క దానంతట అది లేచి పోదు. ఎవరో తీశారు. డ్రైవరు తీశాడంటే సరిపోతుంది. జరిమానా కడతాం, వాణ్ణి, వాడి పిల్లల్ని చూసుకుంటాం. కాదంటావా? అయితే ఇంకెవరు? ఈ యార్డులోంచి బండి బయటికెళ్ళాలంటే చట్టప్రకారం ఎవరి బాధ్యతో నువ్వే చెప్పు."



చట్టప్రకారం ఆమెదే. కిందటేడు కొత్త నియమం వచ్చింది. పెద్ద బండ్లు నడిపే ప్రతి యార్డూ భద్రతకి బాధ్యులెవరో పేరు ఇవ్వాలన్నారు. పెద్దాయన డ్రైవర్లందర్నీ పిలిచి, వాళ్ళ ముందు పెద్దకోడలి పేరు చెప్పాడు. "ఈ పని మా ఇంట్లో ఈ పిల్లకి తప్ప ఎవరికీ చేతకాదు" అన్నాడు. ఆమెకో గది ఇచ్చారు, కొత్త కుర్చీ వేశారు. భర్త స్వయంగా గోడకు మేకులు కొట్టి, చెక్కలకు ఎర్ర రంగు పూశాడు. పెళ్ళయి ఇంత కాలానికి ఈ ఇంట్లో తనని ఒక మనిషిగా గుర్తించారని ఆ రోజు పాపకి జడ వేస్తూ కూడా పొంగిపోయింది పిచ్చిది. ఆ కుర్చీ ఎందుకు వేశారో ఇప్పుడు అర్థమవుతోంది.

"అంటే, కేసంటూ వస్తే నా మీదికే రావాలని ముందే అనుకున్నారా?"

"ఛ ఛ! ఎంత మాట." పెద్దాయన నిజంగానే నొచ్చుకున్నాడు. ఆయనకి నొచ్చుకోవడం బాగా వచ్చు. "నీ మీదికి రాకూడదనేగా డ్రైవరు మీద పెట్టమంటున్నది. నీ కోసమే కదమ్మా ఇదంతా."

"నా కోసం ఒక మనిషిని జైల్లో పెట్టొద్దు."

"అయితే ఎవర్ని పెడదాం?"

 మరిది గోళ్ళు చూసుకున్నాడు. ఆమె అనుమానమంతా మొదట్నుంచీ ఇతని మీదే. రోడ్డు పనుల కాంట్రాక్టరుతో ఫోన్లన్నీ ఇతనే మాట్లాడతాడు. తొందర మనిషి, నోరు జాస్తి, బుర్ర నిలకడ లేదు. చెక్క పీకేసి బండి పంపించగల సమర్థుడు.

"నువ్వేనా?" అంది సూటిగా.

"నేనా? ఒట్టు వదినా! ఆ రోజు పొద్దున నేను ఇంట్లోనే లేను. రిజిస్ట్రేషన్ పని మీద ఆఫీసు చుట్టూ తిరుగుతున్నా. అన్నయ్యనడుగు."

"అడుగుతా" అందామె.

మరిది గబుక్కున నాలుక కరుచుకున్నాడు. ఎందుకు కరుచుకున్నాడో అప్పటికి ఆమెకు తెలియలేదు.

*

వంటింట్లో అత్తగారు కూరగాయలు తరుగుతోంది. మామూలుగా అయితే ఆవిడ చెయ్యీ నోరూ ఒక్కసారే ఆడతాయి. పక్కింటివాళ్ళ కుక్క దగ్గర్నుంచి చుట్టాల మనవళ్ళ మార్కుల దాకా ఆవిడకి తెలియని విషయం లేదు, తెలిసీ చెప్పని విషయమూ లేదు. ఈ వారం రోజులూ చెయ్యి ఒక్కటే ఆడుతోంది.

"అత్తయ్యా."

"ఉప్పు డబ్బా అందుకో."

"ఆ రోజు పొద్దున మీరు ఈ కిటికీ దగ్గరే ఉన్నారు."

కత్తి ఆగింది. ఆ కిటికీలోంచి చూస్తే యార్డు మొత్తం కనబడుతుంది. టిప్పర్ నిలబెట్టిన చోటు సరిగ్గా ఎదురుగానే.

"ఎవరు తీశారో చూశాను" అంది అత్తగారు, తల ఎత్తకుండా. "కానీ నన్నడక్కు తల్లీ. నీకు దండం పెడతాను, అడక్కు."

అడగలేదు. అడగాల్సిన అవసరం అక్కడే తీరిపోయింది. సైలెన్సరే తీసి ఉంటే ఈవిడ ఆ సాయంత్రానికే వీధి వీధంతా చెప్పి వచ్చేది. ఏ మెకానిక్కో తీసి ఉంటే జుట్టు పట్టుకుని లాక్కొచ్చి నిలబెట్టేది. ఆవిడ నోరు నొక్కేసిన మనిషి ఈ ఇంటివాడే అయ్యుండాలి. మరిది ఇంట్లో లేడు. మామగారు నడుం నొప్పితో వంగి చెప్పు కూడా వేసుకోలేరు. ఇక...

కాదు, అనుకుంది. గట్టిగా అనుకుంది.

యార్డులోకి వచ్చి గోడ ముందు నిలబడింది. మేకులకి చెక్కలు వరసగా వేలాడుతున్నాయి. టిప్పర్ కింద పెట్టిన చెక్క కూడా దాని మేకుకే ఉంది. ప్రమాదం జరిగిన రోజే చూసింది, ఆ గొడవలో దాని గురించి ఆలోచించనే లేదు. తాడు రెండు చుట్లు తిప్పి, ముడి గోడవైపుకి వచ్చేలా తగిలించి ఉంది.

దొంగతనంగా చెక్క తీసినవాడు దాన్ని ఎక్కడో పారేస్తాడు. బండి కిందికి తన్నేస్తాడు. మరిదైతే స్కూటర్ తాళాన్నే ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికించిన ఘనుడు, తీసిన వస్తువు తీసిన చోట పెట్టడం వాడి జన్మలో లేదు. తీసిన చెక్క వెంటనే మేకుకి తగిలించాలని ఆమె నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా ఆ యార్డులో బుద్ధిగా విన్నది ఒక్కడే. ముడి గోడవైపుకి ఉంటే తాడు అరగదని ఆమెకే నేర్పించిన మనిషి.

తప్పు చేస్తూ కూడా ఆమె చెప్పిన పద్ధతి తప్పలేదు. ఆమెకు నవ్వు రాబోయి, ఆగిపోయింది.

*

భర్త యార్డు చివర, డీజిల్ డ్రమ్ముల వెనక నిలబడి ఉన్నాడు. అక్కడ పనేమీ లేదు. వారం రోజులుగా ఆయన పనిలేని చోట్లన్నీ వెతుక్కుని నిలబడుతున్నాడు. అది బాధ అనుకుంది ఇన్నాళ్ళూ. నిద్రపట్టక దొర్లుతుంటే లేచి మంచినీళ్ళిచ్చింది. "మీరేం చేస్తారు, మీ చేతుల్లో ఏముంది" అని తల కూడా నిమిరింది.

"మీరే తీశారు కదూ" అంది.

ఆయన ఏ మాట కోసం ఎదురుచూస్తున్నాడో అది రానే వచ్చినట్టు భుజాలు దించాడు. కాదనలేదు. ఆమె ఒక్క క్షణం కాదంటాడని ఆశపడింది, ఇంత తెలిశాక కూడా.

"కాంట్రాక్టరు మేనేజరు ఫోన్ల మీద ఫోన్లు" అన్నాడు నేల చూస్తూ. "తమ్ముడు దొరక్కపోతే నాకు చేశాడు. మధ్యాహ్నానికి కంకర పడకపోతే మిషన్లు ఆగిపోతాయి, వేరే వాళ్ళని పెట్టుకుంటా అన్నాడు. బ్రేకు పాడైంది, బండి చెక్క మీదుంది అని చెప్పాను. నాకవన్నీ చెప్పొద్దు, బండి ఎప్పుడొస్తుందో అదొక్కటే చెప్పు అన్నాడు. ఒక్క ట్రిప్పే కదా అనుకున్నా. నెమ్మదిగా దిగితే ఏం కాదనుకున్నా."

"నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?"

"చేస్తే ఒప్పుకోవు కదా."

ఎంత చక్కటి కారణం!

"సరే, మీరు తీశారు. మరి సైలెన్సర్ ఎలా ఎక్కాడు? ఆ బండికి చెక్క పెట్టడం అతను కళ్ళారా చూశాడు. మీరు చెప్పినా ఎక్కే మనిషి కాదు."

భర్త డ్రమ్ము మీద కారిన డీజిల్‌ని వేలితో రాస్తున్నాడు.

"ఎలా ఎక్కాడు?"

"అడిగాడు, వదిన చూసిందా అని." ఆగాడు. "చూసిందిరా, వదినే చెక్క తీసి స్కూలుకెళ్ళింది అని చెప్పాను. ఆ మాట అనకపోతే వాడు తాళం ముట్టుకోడు."

ఆమె పక్కనున్న టైరు మీద చెయ్యి వేసి నిలబడింది.

చెక్క తీశాడు, అది వేరు. భయపడ్డాడు, మెత్తటి మనిషి, బెదిరిస్తే లొంగిపోయాడు. దాన్ని ఎలాగో దిగమింగుకోవచ్చు. కానీ ఆమె మాటంటే సైలెన్సర్‌కి ఎంత గురో తెలిసే ఆ మాటను వాడుకున్నాడు. ఆమె చెప్పిందనే ధీమాతో అతను ఆ వాలులో దిగాడు. బ్రేకు తొక్కి, అది పలకనప్పుడు, ఆ ఆఖరి క్షణంలో ఎవరిని తలుచుకుని ఉంటాడు?

అప్పుడు తట్టింది, గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మౌనం దేనికో.

"అతను నేనే తీశాననుకుంటున్నాడు" అంది నెమ్మదిగా. "అందుకే చెప్పడం లేదు. కాలు విరగ్గొట్టుకుని పడుకుని, నన్ను కాపాడుతున్నాడు. మీకు తెలుసా ఆ సంగతి?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొన్న ఆసుపత్రికి వెళ్ళినప్పుడు... వదిన పేరు నా నోట రాదు, భయపడొద్దని ఆమెకి చెప్పన్నా అన్నాడు."

"మీరేమన్నారు?"

ఏమంటాడు! ఏమీ అనలేదు. ఆపిల్ పళ్ళ సంచీ స్టూలు మీద పెట్టి వచ్చేశాడు.

ఆమెకు అరవాలని ఉంది, కొట్టాలని ఉంది. అన్నిటికంటే ఘోరమేమిటంటే, ఎప్పట్లాగే వెళ్ళి ఈయన భుజం మీదే తల పెట్టుకుని ఏడవాలని ఉంది. వేరే భుజం ఎప్పుడూ వెతుక్కోలేదు మరి.

"సాయంత్రం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు" అంది చివరికి. "ఆయన ముందు మీరు చెప్పాలి. ఫోను ఎవరు చేశారో, చెక్క ఎవరు తీశారో, సైలెన్సర్‌కి ఏం చెప్పారో, అంతా."

"చెప్తాను."

"నిజంగా?"

"చెప్తానన్నానుగా." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు మధ్యలో మాట్లాడకు. నా నోటితో నన్నే చెప్పనీ. అంతే నేనడిగేది."

పెళ్ళయినప్పట్నుంచీ ఆయన అడిగినవి తక్కువ, ఆమె కాదన్నవి ఇంకా తక్కువ. సరేనంది.

*

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దాయన కొడుకులిద్దర్నీ గదిలోకి పిలిచి తలుపు వేసుకున్నాడు. లోపల మాటలు వినపడలేదు. ఒకసారి ఫోను మోగింది. స్పీకర్‌లో పెట్టినట్టున్నారు, పరాయి గొంతు ఒకటి ధాటిగా మాట్లాడింది. కాంట్రాక్టరు మేనేజరు గొంతు ఆమెకు తెలుసు. వినాలని రెండడుగులు వేసి, ఆగిపోయింది. మాటిచ్చిన మనిషిని తలుపు చాటు నుంచి వినడం బాగోదనుకుంది. అలాంటి మర్యాదలు ఆమెకు చాలా ఉన్నాయి.

భర్త బయటికొచ్చి "ఆ నీలం చొక్కా ఇస్త్రీ చేసి ఉందా?" అన్నాడు. లేకపోతే చేసి ఇచ్చింది. నిజం చెప్పబోయే మనిషి నలిగిన చొక్కాతో ఎందుకుండాలని కాలరు ఇంకోసారి రుద్దింది.

ఇన్‌స్పెక్టరు సన్నటి మనిషి. ముందు ఇంట్లోకి రాలేదు. యార్డంతా తిరిగి, ఒక్కో టైరూ వంగి చూసి, మేకులకున్న చెక్కల ముందు చాలాసేపు నిలబడి, అప్పుడొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పెద్దాయన టీ ఇప్పించాడు. ఆయన తాగలేదు.

"ఆ చెక్కల పద్ధతి ఎవరిది?"

"నాదండీ" అంది పెద్దకోడలు.

"మంచి పద్ధతి. నా సర్వీసులో ఇంకెక్కడా చూడలేదు." మెచ్చుకున్నా ముఖంలో మార్పు లేదు. "ముందే ఒక సంగతి చెప్తాను. తప్పంతా డ్రైవరు మీద తోసేసి చేతులు కడుక్కునే రోజులు పోయాయి. నడిపినవాడే కాదు, బండి వదిలినవాడూ, పాడైందని తెలిసీ తొందరపెట్టి తెప్పించుకున్నవాడూ, అందరూ జవాబు చెప్పాలి. కాంట్రాక్టరు ఎంత పెద్దవాడైనా సరే. అయితే బండి పాడైందని ఆయనకి తెలుసని ఎవరో ఒకరు నాకు చెప్పాలి. ఆ ఫోను ఎత్తినవాళ్ళు చెప్పాలి."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. మరిది కిటికీ దగ్గరికి జరిగాడు. వంటింటి గుమ్మంలో అత్తగారి చీర అంచు కనిపిస్తోంది.

ఇంత బాగా దారి చూపిస్తాడని పెద్దకోడలు అనుకోలేదు. భర్త వైపు చూసింది. చెప్పండి, ఆయనే తలుపు తెరిచి పెట్టాడు, భయం లేదు, చెప్పండి అని కళ్ళతోనే అంది.

"మీరు ఆ రోజు యార్డులోనే ఉన్నారు కదా?" ఇన్‌స్పెక్టరు భర్తనడిగాడు.

"ఉన్నానండి."

"కాంట్రాక్టరు మనుషులు ఎవరైనా ఫోను చేశారా?"

"రోజూ చేస్తుంటారండి, ఎప్పుడొస్తుందని. మామూలుగానే. బండి పాడైన సంగతి వాళ్ళకేం తెలుస్తుంది?"

ఆమె సరిగ్గా విన్లేదేమో అనుకుంది.

"మరి చెక్క ఎవరు తీశారు?"

భర్త లేచి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా ఒంటికి బాగా అమరింది. వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడి, చెయ్యి తెచ్చి ఆమె భుజం మీద వేశాడు. అందరి ముందూ ఎప్పుడూ అలా వేసి ఎరగడు.

"ఆమె తప్పేమీ లేదండీ" అన్నాడు. గొంతు వణికింది. అబద్ధం చెప్పే గొంతు కాదది, నిజంగా జాలిపడుతున్న గొంతు. "పొద్దున్నే పాపకి స్కూలు టైమవుతోందని హడావుడిలో ఉంది. బాగైపోయిందనుకుని పొరపాటున తీసేసింది. కావాలని చేసింది కాదు. ఇంటి పనీ, యార్డు పనీ ఒక్క చేత్తో చేసుకొస్తోంది. కాస్త దయతో చూసి రాయండి సార్. ఏదైనా ఉంటే జరిమానాతో పోయేలా..."

తను చేసిన పనికి ఆమెని క్షమించమని ఆయన బతిమాలుతున్నాడు.

"మేం తనకి అండగానే ఉంటాం" అన్నాడు పెద్దాయన తగ్గించిన గొంతుతో. "మంచి లాయర్ని పెడతాం."

లాయరు దాకా ఆలోచించేశారు. అంటే డ్రైవరు నోరు విప్పడనీ, కాంట్రాక్టరు చేజారకూడదనీ, పెద్దకోడలు ఎప్పట్లాగే సరేనంటుందనీ, ఆ తలుపు వెనకే తేల్చేసుకున్నారు. ఆ తర్వాతే ఆయన వచ్చి నీలం చొక్కా అడిగాడు.

"అమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మీరు చెప్పండి. చెక్క మీరే తీశారా?"

భుజం మీది చెయ్యి సన్నగా నొక్కింది. ఆమె తలెత్తి భర్త ముఖంలోకి చూసింది. అక్కడ బెదిరింపు ఉంటుందనుకుంది, లేదు. ప్రాధేయపడటం ఉంటుందనుకుంది, అదీ లేదు. ఉన్నది కృతజ్ఞత. ఆమె ఇంకా నోరు తెరవనే లేదు, అప్పుడే ఒప్పేసుకున్నట్టు, ఎంత సాయం చేశావన్నట్టు, కళ్ళ నిండా కృతజ్ఞత. ఇన్నేళ్ళూ తను ఆ ఇంట్లో ఏమిటో ఆమెకు ఆ కళ్ళలో కనిపించింది.

భుజం మీది చేతిని తీసి పక్కకు పెట్టింది.

"నేను తీయలేదండీ."

ఆ మాట విన్నాక కూడా ఆ కృతజ్ఞత ఆయన ముఖంలోంచి వెంటనే పోలేదు. పోవడానికి కాస్త సమయం పట్టింది.

ఇన్‌స్పెక్టరు కుర్చీలో ముందుకు వంగాడు.

"మరి ఎవరు తీశారమ్మా?"